పెదనాన్న కంప్యూటర్‌కి బెంగళూరు నుంచి దారి: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, శనివారం, విల్లివాక్కం

చెన్నైలో పెదనాన్న ఇంటి ముందుగది నవంబరు వచ్చిందంటే చిన్న ఆఫీసులా మారిపోతుంది. రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరైన ఆయన, వీధిలో ఉన్న పెన్షనర్లందరికీ జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామని వేలిముద్రతో ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్, చేసిపెడతారు. రూపాయి తీసుకోరు. మోకాళ్ళ నొప్పులతో బ్యాంకు మెట్లెక్కలేని వాళ్ళు మెల్లగా నడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని, యంత్రం మీద వేలు పెట్టి, పెద్దమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్తారు. 2014 నవంబరులో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచి, తాము బతికే ఉన్నామని చెప్పుకోవడానికి ఏటా లైన్లో నిలబడే బాధ చాలామందికి తప్పింది. ఆ వీధిలో తప్పించింది మాత్రం పెదనాన్నే.

ఆ వేలిముద్ర యంత్రంతోనే తంటా. విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కదిలిపోతుంది. "అమ్మా, మళ్ళీ నాట్ రెడీ అంటోందమ్మా" అని పెదనాన్న ఫోన్ చేస్తారు. ఆయనకి ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి అంతంత మాత్రం. "కింద కుడివైపు మూల చూడండి" అని నేను బెంగళూరు మారతహళ్ళి నుంచి అరిస్తే మా పక్క ఫ్లాటుకి వినిపిస్తుంది గానీ ఆయనకి వినపడదు. నా మౌస్ ఆయన తెర మీద కదలాలి, ఆయన దాన్ని కళ్ళతో చూడాలి. అదీ ఈ ప్రాజెక్టు.

గడువు కూడా ఉంది. 80 ఏళ్ళు దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అక్టోబరు 1 నుంచే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది వాళ్ళే. సెప్టెంబరు ఆఖరుకి అంతా సిద్ధంగా ఉండాలి.

మొదలుపెట్టేముందే కొన్ని విషయాలు తేల్చుకున్నాను. నేను లోపలికి రావాలంటే ప్రతిసారీ ఆయన ఒప్పుకోవాలి. ఆ ఇంటి రౌటర్లో బయటి నుంచి లోపలికి ఒక్క పోర్టు (నంబరున్న తలుపు లాంటిది) కూడా తెరవకూడదు. వచ్చేవాళ్ళ ఆధార్ నంబరు నా తెర మీద పడకూడదు. ఈ మూడిట్లో ఏది కుదరకపోయినా, రైలెక్కి వచ్చి చేసిపెట్టడమే మేలు.

అదే రోజు రాత్రి

ముందు ఇంట్లో నెట్‌వర్క్ ఎలా ఉందో కాగితం మీద గీసుకున్నాను. హాల్లో ఫైబర్ కనెక్షన్ వాళ్ళు బిగించిన పెట్టె. వెనక గదికి సిగ్నల్ అందడం లేదని ఎవరో దానికి ఇంకో రౌటర్ తగిలించారు. కంప్యూటర్ ఆ రెండో రౌటర్‌కి ఉంది.

కంప్యూటర్ చిరునామా 192.168.0తో మొదలవుతోంది. రెండో రౌటర్ బయటివైపు చిరునామా 192.168.1తో. అంటే అది ఫైబర్ పెట్టెకి ఇంట్లో ఇంకో కంప్యూటర్ కిందే లెక్క. ఇక ఫైబర్ పెట్టె స్టేటస్ పేజీ తెరిచి వ్యాన్ (బయటివైపు) చిరునామా చూస్తే 100.72తో మొదలైంది. నా బయటి చిరునామా ఎంత అని ఒక వెబ్‌సైట్‌ని అడిగితే అది పూర్తిగా వేరే నంబరు చెప్పింది.

అక్కడితో సగం విషయం తేలిపోయింది. 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు ఉన్న చిరునామాలు 2012 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 6598 ద్వారా ప్రత్యేకంగా కనెక్షన్ కంపెనీల లోపలి వాడకానికి పక్కన పెట్టినవి. పాత పద్ధతి చిరునామాలు అయిపోయాయి. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర మామూలుగా ఇచ్చే నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకని కంపెనీలు ఎన్నో ఇళ్ళకి కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తున్నాయి. దీన్నే సీజీ-న్యాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకే డోర్ నంబరు ఉండి, ఫ్లాట్ నంబర్లు లోపల వాచ్‌మన్‌కి మాత్రమే తెలిసినట్టు. లోపలి నుంచి ఎవరు బయటికి వెళ్ళారో వాచ్‌మన్ రాసుకుంటాడు కాబట్టి వాళ్ళకి వచ్చిన జవాబు చేరుతుంది. బయటి నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి ఎవరింటికి పంపాలో అతనికి తెలియదు.

కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చినదాన్ని ఫలానా కంప్యూటర్‌కి పంపమని రౌటర్‌కి చెప్పడం, ఇక్కడ పనిచేయదు. ఇంట్లో రెండు పెట్టెల్లోనూ సెట్టింగ్ పెట్టొచ్చు గానీ, మూడోది కంపెనీ దగ్గర ఉంది, దాని మీద మన చెయ్యి లేదు. స్టాటిక్ చిరునామా, అంటే మనకే సొంతమైన మారని బయటి చిరునామా, కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలని కస్టమర్ కేర్‌లో చెప్పారు.

అది కట్టడానికి నాకు మనసొప్పలేదు. డబ్బు గురించి కాదు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టుని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడమంటే, తాళాలు తిప్పి చూసే బాట్లని (వాటంతటవే తిరిగే ప్రోగ్రాముల్ని) రాత్రీ పగలూ గుమ్మం ముందుకి రానివ్వడమే. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. దాన్ని పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ అప్పటికే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. పెన్షనర్లు వేలిముద్ర వేసే కంప్యూటర్‌ని నేను అలా రోడ్డు మీద పెట్టను. పైగా ఆ కంప్యూటర్లో ఉన్నది విండోస్ హోమ్. అందులో బయటివాళ్ళని లోపలికి రానిచ్చే రిమోట్ డెస్క్‌టాప్ ఉండదు, అది ప్రో లాంటి పై వెర్షన్లలోనే.

ఆదివారం, విల్లివాక్కం

పొద్దున్నే రెండో రౌటర్ సంగతి చూశాను. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాను. ఇప్పుడది చిరునామాలు పంచడం మానేసి వైఫైని వెనక గదికి అందిస్తుంది, అంతే. ఆ మోడ్ లేని రౌటర్ అయితే దాని డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే పని) ఆపేసి, మొదటి పెట్టె వాడని చిరునామా ఒకటి దానికిచ్చి, వచ్చే కేబుల్‌ని వ్యాన్ రంధ్రంలో కాకుండా ల్యాన్ (లోపలివైపు) రంధ్రంలో గుచ్చాలి. ఒక న్యాట్, అంటే చిరునామాలు మార్చి పంపే మెట్టు, పోయింది. ఇంతకాలం పెద్దమ్మ ఫోన్ నుంచి ప్రింటర్ కనపడకపోవడానికి కారణం కూడా ఇదే. ఇప్పుడు కనపడుతోంది.

ఫైబర్ పెట్టెలో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంది. ఇంట్లో ఏ యాప్ అయినా ఎవర్నీ అడక్కుండా పోర్టు తెరిపించుకునే సదుపాయం అది. జాబితాలో గేటు దగ్గర కెమెరా తాలూకు ఎంట్రీ ఒకటి కనిపించింది. ఆపేశాను. కెమెరా ఇంటి వైఫైలో మామూలుగానే పనిచేస్తోందని పెదనాన్న చేత ఫోన్లో చూపించుకున్నాకే ముందుకి కదిలాను.

తర్వాత విండోస్ ఫైర్‌వాల్. ఎప్పుడు ఏ సమస్య వచ్చినా "ఒకసారి ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడండి" అనే సలహా వినిపిస్తుంది. నేను దానికి ఒప్పుకోను. ఆపాక పని జరిగితే దాన్ని మళ్ళీ ఆన్ చేసేవాళ్ళు తక్కువ. పైగా దేనివల్ల ఆగిందో తెలుసుకునే అవకాశం కూడా పోతుంది. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా లోపలికి వచ్చేవాటినే ఆపుతుంది, బయటికి వెళ్ళేవాటిని వెళ్ళనిస్తుంది. నేను ఎంచుకునే పద్ధతిలో ఈ కంప్యూటరే బయటికి వెళ్తుంది కాబట్టి దాన్ని ముట్టుకోవాల్సిన అవసరమే లేదు. అడ్డుకున్న వాటిని లాగ్‌లో రాయమని మాత్రం పెట్టాను.

కనెక్షన్ కంపెనీ ఐపీవీ6, అంటే కొత్త పద్ధతి చిరునామా కూడా ఇస్తోంది. అక్కడ న్యాట్ ఉండదు, ప్రతి పరికరానికీ సొంత చిరునామా. కానీ రౌటర్ ఫైర్‌వాల్ బయటి నుంచి మొదలయ్యే వాటిని ఆపుతోంది. దాన్ని అలాగే ఉండనిచ్చాను.

ఆ తర్వాతి వారం, మారతహళ్ళి

ముందుగా విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్‌తో మొదలుపెట్టాను. కంట్రోల్, విండోస్, క్యూ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. సాయం చేసేవాళ్ళు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళి కోడ్ తెప్పించుకోవాలి, అవతలివాళ్ళు ఆ కోడ్ కొట్టాలి. రెండు కంప్యూటర్లూ 443 పోర్టు మీద, అంటే మామూలు వెబ్‌సైట్లకి వెళ్ళే దారిలోనే, మైక్రోసాఫ్ట్ సర్వర్ దగ్గరికి వెళ్ళి అక్కడ కలుసుకుంటాయి. రౌటర్‌కి కొత్త పనేమీ చెప్పక్కర్లేదు.

కోడ్ ఫోన్లో చదివి చెప్తే ఆయనకి అక్షరాలు వినపడవని తెలుసు కాబట్టి వాట్సాప్‌లో పెట్టాను. ఆయన చూసి కొట్టారు. తెర వచ్చింది. "వచ్చావా తల్లీ, బాణం గుర్తు కదుల్తోంది!" అన్నారు. ఆ మాట విన్నాక, ఇది తప్పకుండా పూర్తి చేయాలనిపించింది.

యంత్రం డ్రైవర్ వేయబోతే నా వైపు తెర నల్లబడింది. ఇది లోపం కాదు. "ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్లో మార్పులు చేయడానికి అనుమతిస్తారా" అని విండోస్ అడిగేటప్పుడు, ఆ ప్రశ్నని మామూలు డెస్క్‌టాప్ మీద కాకుండా వేరే సురక్షితమైన తెర మీద పెడుతుంది. దూరం నుంచి వచ్చినవాళ్ళు దాన్ని చూడలేరు, నొక్కలేరు. కుర్చీలో కూర్చున్న మనిషే నొక్కాలి. ఆ ప్రశ్న రాకుండా చేసే సెట్టింగ్ ఉంది, చాలామంది దాన్నే మార్చేస్తారు. నేను మార్చలేదు. పెదనాన్నకి వాట్సాప్‌లో రాశాను: "ప్రోగ్రాం పేరు చదవండి. కింద వెరిఫైడ్ పబ్లిషర్ అని యంత్రం కంపెనీ పేరు ఉంటే యస్ నొక్కండి. లేకపోతే నో." కాసేపటికి తెర మళ్ళీ వచ్చింది. ఆయన చదివి, సరిచూసుకునే నొక్కారు. నా దగ్గరున్న ఏ టూల్ కన్నా అది గట్టి కాపలా.

అయితే నవంబరు రద్దీలో ప్రతిసారీ కోడ్ తెప్పించుకోవడం, పంపడం, ఆయన కళ్ళజోడు వెతుక్కుని కొట్టడం కుదరదు. కోడ్ గడువు కూడా కొద్ది నిమిషాలే. ఇంకో దారి కావాలి.

ఆగస్టు ఆఖరు

వైర్‌గార్డ్ గురించి గట్టిగానే ఆలోచించాను. లైనక్స్ కెర్నల్లో 2020 మార్చి నుంచి భాగమైన చక్కటి వీపీఎన్ (దూరంగా ఉన్న కంప్యూటర్లని ఒకే నెట్‌వర్క్‌లా కలిపే రహస్య దారి) అది. నా చిన్న క్లౌడ్ సర్వర్‌కి రెండు ఇళ్ళూ కలిస్తే, ప్రతి 25 సెకన్లకీ ఒక చిన్న ప్యాకెట్ పంపమంటే చాలు, రౌటర్ ఆ దారిని మూసేయదు. కానీ అది పెదనాన్న కంప్యూటర్‌ని ఎప్పుడూ నాకు కలిపి ఉంచుతుంది. ఆయన "సరే" అనడానికి అందులో చోటు లేదు. నేను పెట్టుకున్న మొదటి షరతే పోతుంది.

అందుకని రస్ట్‌డెస్క్‌. దూరం నుంచి ఇంకో కంప్యూటర్ తెర చూసి నడిపే యాప్ ఇది. ఓపెన్ సోర్స్, సర్వర్ మనమే నడుపుకోవచ్చు. సర్వర్లో రెండు భాగాలు. ఒకటి ఎవరు ఎక్కడున్నారో గుర్తుపెట్టుకుంటుంది. రెండోది రిలే, ఇద్దరూ నేరుగా కలవలేనప్పుడు మధ్యలో అందిస్తుంది. నా క్లౌడ్ సర్వర్ ఫైర్‌వాల్లో టీసీపీ 21115, 21116, 21117, యూడీపీ 21116 తెరిచాను. ఆ యూడీపీ చాలా ముఖ్యం, కంప్యూటర్ "నేనిక్కడున్నాను" అని చెప్పుకునేది దాని మీదే. 21118, 21119 బ్రౌజర్ నుంచి వాడేవాళ్ళకి, మాకు అవసరం లేదు, మూసే ఉంచాను.

సర్వర్‌ని డాకర్‌లో (ప్రోగ్రాముల్ని విడి డబ్బాల్లో పెట్టి నడిపే టూల్) నడిపేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. డాకర్ బయటపెట్టిన పోర్టులు ఉబుంటు లైనక్స్‌లోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నిబంధనల్ని దాటుకుని వెళ్ళిపోతాయి. మూసేశామనుకున్నది తెరిచే ఉంటుంది. హోస్ట్ నెట్‌వర్క్ మోడ్‌లో నడిపితే ఫైర్‌వాల్ మాట చెల్లుతుంది. నేను అలాగే పెట్టి, వేరే కనెక్షన్ నుంచి పోర్టులు తట్టి చూసుకున్నాను.

సర్వర్ మొదటిసారి నడిచినప్పుడు ఒక జత కీలు తయారుచేసుకుంటుంది. అందులో పబ్లిక్ కీని రెండు కంప్యూటర్లలోనూ అతికించాలి. కీ సరిపోకపోతే కనెక్షన్ కలవదు.

సెప్టెంబరు, శనివారం, విల్లివాక్కం

పెదనాన్న కంప్యూటర్లో రస్ట్‌డెస్క్ వేశాను. ఇందులో నాకు నచ్చిన సెట్టింగ్ ఒకటుంది. పాస్‌వర్డ్‌తో కాకుండా, అవతలి మనిషి "ఒప్పుకుంటున్నాను" అని నొక్కితేనే సెషన్ మొదలయ్యేలా పెట్టొచ్చు. శాశ్వత పాస్‌వర్డ్ పెడితే నాకు తేలిక, ఆయన కంప్యూటర్ ముందు లేనప్పుడు కూడా వెళ్ళొచ్చు. కానీ ఆయన లేనప్పుడు అక్కడ నాకేం పని? క్లిక్ పద్ధతే పెట్టాను. ఫైళ్ళు పంపుకోవడం, క్లిప్‌బోర్డ్ పంచుకోవడం కూడా ఆపేశాను. ఎవరైనా ఆధార్ నంబరు కాపీ చేస్తే అది నా కంప్యూటర్‌కి రాకూడదు.

భోజనాలయ్యాక కూర్చుని ఒక కాగితం రాశాం. పెద్ద అక్షరాలతో, పెదనాన్న చేతిరాతతోనే. మానిటర్ పక్కన గోడకి అతికించాం:

"అమ్మాయి ముందు వీడియో కాల్ చేస్తుంది. ముఖం చూశాకే ఆకుపచ్చ బటన్ నొక్కాలి.
బ్యాంకు నుంచి, పెన్షన్ ఆఫీసు నుంచి అని ఎవరు అడిగినా నొక్కకూడదు.
వేలు పెట్టేముందు అమ్మాయిని బయటికి పంపాలి.
అనుమానం వస్తే వైరు పీకేయాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి."

ఆ రెండో వాక్యం ఊరికే రాయలేదు. దూరం నుంచి తెర చూపించే యాప్ వేయించి, యూపీఐ ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. నేను వాడే యాప్ లాంటిదే మోసగాడి చేతిలోనూ ఉంటుంది. తేడా అంతా ఎవర్ని రానిస్తున్నామన్న దాంట్లోనే ఉంది. అది పెదనాన్నకి బాగా తెలిసుండాలి. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "మూడోది నేను మర్చిపోతే నువ్వే వెళ్ళిపో" అన్నారు. తప్పకుండా అన్నాను.

వైరు పీకడం కూడా సాధన చేయించాను. నీలం రంగు కేబుల్‌కి ఎర్ర దారం కట్టాం. ఆయన లాగారు, తెర ఆగిపోయింది, మళ్ళీ గుచ్చారు. పెద్దమ్మ చేత కూడా చేయించాను.

సెప్టెంబరు మధ్య, మారతహళ్ళి

బెంగళూరు నుంచి పనిచేస్తోంది, రిలే మీదుగా. రెండు కంప్యూటర్లూ ఒకేసారి సర్వర్‌తో మాట్లాడినప్పుడు, అది ఇద్దరి బయటి చిరునామాలూ పోర్టు నంబర్లూ ఒకరివి ఒకరికి చెప్తుంది. ఇద్దరూ ఒకే క్షణంలో ఎదుటివాళ్ళకి ప్యాకెట్లు పంపితే, రెండు రౌటర్లూ వచ్చినదాన్ని తాము అడిగినదానికి జవాబే అనుకుని లోపలికి రానిస్తాయి. దీన్నే హోల్ పంచింగ్ అంటారు. కానీ కొన్ని న్యాట్‌లు ఒక్కో గమ్యానికి ఒక్కో కొత్త పోర్టు నంబరు ఇస్తాయి. సర్వర్ చూసిన నంబరు వేరు, నాకోసం వాడే నంబరు వేరు, ఇక అంచనా తప్పుతుంది. మా రెండు వైపులా సీజీ-న్యాట్, మాకు అదే జరిగింది. కనెక్షన్ గుర్తు మీద మౌస్ పెడితే రిలే అని, ఎన్‌క్రిప్ట్ అయిందని చూపిస్తోంది. సర్వర్ గుండా వెళ్ళినా లోపల ఏముందో సర్వర్‌కి తెలియదు.

రిలే కాబట్టి కాస్త మందంగా ఉంది. వాల్‌పేపర్ తీసేసి, చిత్రం నాణ్యత తగ్గించి వేగానికి ప్రాధాన్యం ఇస్తే బాణం గుర్తు సాఫీగా కదిలింది. పెదనాన్నకి కావలసింది ఆ బాణమే.

సెప్టెంబరు ఆఖరు వారం

అసలు పరీక్ష అనుకోకుండా వచ్చింది. విండోస్ అప్‌డేట్ పడింది, యంత్రం మళ్ళీ "నాట్ రెడీ". వీడియో కాల్ చేశాను, ముఖం చూసి నవ్వారు, నొక్కారు, లోపలికి వెళ్ళాను.

వేలిముద్ర యంత్రాలకి ఆర్‌డీ సర్వీస్ అని, యంత్రాన్ని అప్లికేషన్‌తో కలిపే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అది అదే కంప్యూటర్లో, 127.0.0.1 (కంప్యూటర్ తనని తాను పిలుచుకునే చిరునామా) మీద, 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాని దగ్గర కూర్చుంటుంది. అప్లికేషన్ ఆ పోర్టుల్ని వరసగా తట్టి దాన్ని కనుక్కుంటుంది. ఇది పూర్తిగా కంప్యూటర్ లోపలి వ్యవహారం, రౌటర్‌తో సంబంధం లేదు. ఆ పోర్టులు రౌటర్లో తెరవమని ఎవరైనా చెప్తే దయచేసి వినకండి.

సర్వీసుల జాబితాలో చూస్తే అది ఆగిపోయి ఉంది. మొదలుపెట్టాను, నడిచింది, కాసేపటికి మళ్ళీ నాట్ రెడీ. ఈసారి డివైస్ మేనేజర్లో యూఎస్‌బీ హబ్ దగ్గర, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అన్న టిక్కు కనిపించింది. పెన్షనర్‌కీ పెన్షనర్‌కీ మధ్య యంత్రం ఖాళీగా ఉన్నప్పుడల్లా విండోస్ దాన్ని నిద్రపుచ్చుతోంది. టిక్కు తీసేశాను. సర్వీస్ దానంతటదే మొదలయ్యేలా, కంప్యూటర్ తెరుచుకున్నాక కాస్త ఆగి మొదలయ్యేలా పెట్టాను. పరికరం "రెడీ" అంది.

ఇక వేలు పెట్టి చూడాలి. "నువ్వెళ్ళమ్మా" అన్నారు పెదనాన్న, నేను అడక్కముందే. సెషన్ మూసేశాను. వీడియో కాల్లో ఆయన ముఖం ఒక్కటే కనపడుతోంది, కిందకి వంగారు, బొటనవేలు పెట్టారు. లేచి "పడిందమ్మా" అన్నారు.

అక్టోబరు 2

నిన్న ఎదురింటి తాతగారు, ఆయన భార్య, వెనక వీధి నుంచి ఇంకొకరు వచ్చారట. యంత్రం ఎక్కడా ఆగలేదు. తాతగారి వేళ్ళు అరిగిపోయి రెండు వేళ్ళు తీసుకోలేదట, మధ్యవేలు తీసుకుంది. దానికి మాత్రం నేను ఇక్కడి నుంచి చేయగలిగింది ఏమీ లేదు.

మిగిలిన పనులు: సర్వర్ అప్‌డేట్లు వాటంతటవే పడేలా చేయాలి. ఫైబర్ పెట్టెకి కంపెనీ నుంచి కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినప్పుడు యూపీఎన్‌పీ మళ్ళీ ఆన్ అవుతోందేమో నెలకోసారి చూడాలి. కరెంటు పోయినప్పుడు ఫైబర్ పెట్టె, వెనక గది రౌటర్ రెండూ ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టాలి, రెండూ 12 వోల్ట్‌లవే. ఇంకోటి పెదనాన్న అడిగారు: అప్పుడప్పుడు నా తెర కూడా ఆయనకి చూపించాలట, నేను ఆ సర్వీసుల జాబితా ఎలా తెరిచానో నిదానంగా చూసి, నోట్‌బుక్కులో రాసుకుంటారట. శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం.